ఒకే రోజు కెంటకీ, ఒరెగాన్: ప్రైమరీలో ఓటరును నడిపించేది జాతా, వర్గమా?

రాజమండ్రి మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం బోధిస్తాను. పోయిన వారం అమెరికా అధ్యక్ష ప్రైమరీల (పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకోవడానికి రాష్ట్రాలవారీగా జరిపే ఎన్నికల) పాఠం చెబుతూ నల్లబల్ల మీద ఒక నిలువుగీత గీసి, ఎడమవైపు ‘జాతి’ అనీ కుడివైపు ‘వర్గం’ అనీ రాసి, 2008 నాటి డెమొక్రటిక్ ప్రైమరీల ఫలితాలను ఆ రెండు గళ్లలోకి సర్దడం మొదలుపెట్టాను. దక్షిణ కరోలినా, మిసిసిపి ఎడమ గడిలోకి, ఒహాయో, పెన్సిల్వేనియా కుడి గడిలోకి సులువుగానే వెళ్లాయి. ఆ ఏడాది మే 20వ తేదీ దగ్గరికి వచ్చేసరికి చివరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఆ రోజు కెంటకీలో హిల్లరీ క్లింటన్‌కు 65 శాతం, బరాక్ ఒబామాకు 30 శాతం ఓట్లు వచ్చాయి. అదే రోజు ఒరెగాన్‌లో ఒబామా 18 శాతం తేడాతో గెలిచారు. “రెండూ శ్వేతజాతీయులు అత్యధికంగా ఉన్న రాష్ట్రాలే కదా సార్, వీటిని ఏ గడిలో రాస్తారు?” అని అడిగింది.

ఒరెగాన్‌లో కాలేజీ చదువులు చదివినవారు ఎక్కువ, కెంటకీలో శ్రామికులు ఎక్కువ, కాబట్టి ఇది వర్గమే అని అప్పటికి ఏదో చెప్పి గంట కొట్టేదాకా నెట్టుకొచ్చాను గానీ, ఆ జవాబు నాకే రుచించలేదు. అమెరికాలో ఉండి ఈ ఎన్నికలను దగ్గరగా చూసినవారూ, అంకెలతో పరిచయం ఉన్నవారూ ఈ వేదికలో ఉన్నారు కనుక అడుగుతున్నాను.

గణాంకం

మాస్టారు గారూ, మీ విద్యార్థిని వేలు పెట్టింది సరైన చోటే. రెండు విషయాలు ముందుగా మనవి చేస్తాను.

మొదటిది, అమెరికా పత్రికలు ‘శ్వేతజాతి కార్మిక వర్గం’ అని రాసినప్పుడు చాలాసార్లు వాటి ఉద్దేశం నాలుగేళ్ల డిగ్రీ లేనివారు అని మాత్రమే. ఓటేసి బయటికి వచ్చినవారి చేతికిచ్చే ప్రశ్నపత్రంలో చదువు, కుటుంబ ఆదాయం, ఇంట్లో యూనియన్ సభ్యులున్నారా లేదా అనేవి వేరువేరు ప్రశ్నలు. ఈ మూడూ ఒకే మనిషిని ఒకే వైపు నిలబెట్టవు. డిగ్రీ లేకుండానే సొంత ప్లంబింగ్ వ్యాపారం నడుపుకొనే ఆయన, డాక్టరేటు చేసి తరగతికింత అని జీతం తీసుకొనే తాత్కాలిక అధ్యాపకుడి కన్నా రెండింతలు సంపాదించవచ్చు. వీరిలో కార్మికుడు ఎవరు? 2016 రిపబ్లికన్ ప్రైమరీల్లో ట్రంప్‌కు ఓటేసినవారి మధ్యస్థ కుటుంబ ఆదాయం ఏడాదికి సుమారు 72,000 డాలర్లని అప్పట్లో అంచనా కట్టారు. దేశం మొత్తానికి ఆ అంకె 56,000 దగ్గర ఉండేది. అయినా ఆయనకు పేదల అభ్యర్థి అనే పేరు స్థిరపడిపోయింది. చదువు దృష్ట్యా చూస్తే ఆ పేరుకు కొంత ఆధారం ఉంది, ఆదాయం దృష్ట్యా చూస్తే లేదు.

రెండవది, ఒక రాష్ట్రపు మొత్తం ఫలితం చూసి అందులోని మనుషుల మనసు చెప్పకూడదు. మిసిసిపిలో ఒబామా 61 శాతంతో గెలిచారు. నల్లజాతి ఓటర్లలో ఆయనకు 92 శాతం, శ్వేతజాతీయుల్లో క్లింటన్‌కు 70 శాతం వచ్చిందని ఎగ్జిట్ పోల్ చెప్పింది. ఒకే ఫలితం కింద రెండు ఎన్నికలు జరిగాయన్నమాట.

తుమ్మచెట్టు

ఇంత చుట్టు తిరగడం ఎందుకో నాకు అర్థం కాదు. కెంటకీలోనూ, అంతకు వారం ముందు పశ్చిమ వర్జీనియాలోనూ ప్రతి ఐదుగురిలో ఒకరు తమ నిర్ణయంలో అభ్యర్థి జాతికి పాత్ర ఉందని ప్రశ్నపత్రంలో స్వయంగా టిక్కు పెట్టారు. అలా పెట్టినవారిలో అత్యధికులు క్లింటన్‌కే వేశారు. కాగితం మీద ఒప్పుకున్నవారు అంతమంది ఉంటే, ఒప్పుకోనివారి సంగతి మీ ఊహకే వదిలేస్తాను. పశ్చిమ వర్జీనియాలో ఆమెకు 67 శాతం, ఒబామాకు 26 శాతం. అది చాలదన్నట్టు 2012లో, ఒబామా పదవిలో ఉండి పెద్దగా పోటీయే లేకుండా తిరిగి నామినేషన్ కోరుతున్నప్పుడు, అదే రాష్ట్ర ప్రైమరీలో టెక్సాస్ జైలులో శిక్ష అనుభవిస్తున్న ఒక ఖైదీ బ్యాలెట్ మీద ఉంటే, ఆయనకు దాదాపు 41 శాతం మంది ఓటేశారు. కెంటకీలో 42 శాతం ‘ఎవరికీ కట్టుబడను’ అనే గడిలో గుర్తు పెట్టారు. దీన్ని వర్గ చైతన్యం అంటారా?

మెతుకుసీమ

తుమ్మచెట్టు గారూ, ఆ ఖైదీ కథ నిజమే. అయితే అక్కడే ఆగకుండా ఇంకో నాలుగేళ్లు ముందుకు రండి. 2016లో అదే పశ్చిమ వర్జీనియా, అదే హిల్లరీ క్లింటన్. ఎదుట ఉన్నది తనను తాను సోషలిస్టునని చెప్పుకునే బెర్నీ శాండర్స్, ఆయనా శ్వేతజాతీయుడే. శాండర్స్‌కు 51 శాతం, క్లింటన్‌కు 36 శాతం వచ్చాయి. ఎనిమిదేళ్ల కింద మూడింట రెండు వంతుల ఓట్లు ఇచ్చినవారు ఆమెను ఈసారి వెనక్కి పంపారు. బ్యాలెట్ మీద నల్లజాతి అభ్యర్థి లేనప్పుడు కూడా వాళ్లు ఎదురు తిరిగారంటే, దాన్ని జాతితో మాత్రమే ఎలా వివరిస్తారు? ఆ మార్చిలో ఆమె ఒక సభలో, బొగ్గు గని కార్మికులనూ కంపెనీలనూ పనిలేకుండా చేయబోతున్నామనే అర్థం వచ్చే మాట జారారు. ముందూ వెనకా చెప్పింది వేరే అయినా, గనుల మీద బతికే ఊళ్లలో ఆ ఒక్క వాక్యమే మిగిలింది. నోటి దగ్గర కూడు తీసేస్తామన్న మాట ఎవరు మర్చిపోతారు?

తుమ్మచెట్టు

2016లో క్లింటన్ ఎవరి వారసురాలిగా నిలబడ్డారు? ఒబామా పాలనను కొనసాగిస్తానని ప్రతి వేదిక మీదా చెప్పుకున్నారు. అంటే ఆ బ్యాలెట్ మీద ఒబామా పేరు లేకపోయినా ఒబామా ఉన్నారు.

గణాంకం

మీరిద్దరూ చెప్పేది ఒకేసారి నిజం కావడానికి అడ్డేమీ లేదు, చిక్కంతా అక్కడే ఉంది. ఆ రాష్ట్రంలో బొగ్గు పరిశ్రమ కుంగిపోవడం, పర్యావరణ నిబంధనలను తెచ్చిన అధ్యక్షుడు నల్లజాతీయుడు కావడం ఒకే కాలంలో జరిగాయి. ఓటరు కోపంలో ఏ పాలు దేనిదో విడదీసే తూకపురాయి ఎవరి దగ్గరా లేదు.

ఇంకొక సంగతి కూడా గమనించండి. పశ్చిమ వర్జీనియాలో తాతల కాలం నుంచి ఓటరు జాబితాలో డెమొక్రాట్లుగా నమోదై, 2000 సంవత్సరం నుంచి నవంబరులో జరిగే అసలు అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్‌కు ఓటేస్తూ వచ్చినవారు ఎందరో ఉన్నారు. నమోదు మార్చుకోలేదు కనుక ప్రైమరీ రోజున వాళ్ల చేతికి డెమొక్రటిక్ బ్యాలెటే వస్తుంది. 2016లో ఆ బ్యాలెట్ వేసినవారిలో నవంబరులో ట్రంప్‌కే వేస్తామన్నవారి వాటా చిన్నదేమీ కాదు. వాళ్లు శాండర్స్‌కు వేసిన ఓటును సోషలిజానికి వేసిన ఓటుగా చదివినవాళ్లు తర్వాత నాలుక కరుచుకున్నారు.

సియాటిల్ సీత

ఇంతవరకూ అందరూ ఓటరు మనసు గురించే మాట్లాడారు, ఎన్నిక జరిగే పద్ధతి గురించి ఎవరూ ఎత్తలేదు. మా వాషింగ్టన్ రాష్ట్రంలో 2008లో కాకస్ (పార్టీవారు ఒకచోట చేరి బాహాటంగా పక్షం తేల్చుకునే సమావేశం), ప్రైమరీ రెండూ జరిగాయి. ఫిబ్రవరి 9న కాకస్‌లో ఒబామాకు 68 శాతం, క్లింటన్‌కు 31 శాతం. సరిగ్గా పది రోజుల తర్వాత, అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ మహాసభకు వెళ్లే ప్రతినిధుల లెక్కకు పనికిరాని ప్రైమరీలో ఆయనకు 51 శాతం, ఆమెకు 46 శాతం. 2016లో మరీ విచిత్రం: కాకస్‌లో శాండర్స్‌కు 73 శాతం వస్తే, మే నెల ప్రైమరీలో క్లింటనే గెలిచారు. అదే రాష్ట్రం, అవే పేర్లు.

కాకస్‌కు వెళ్లడమంటే శనివారం నాడు ఒక బడిలోనో గ్రంథాలయంలోనో గంటా రెండు గంటలు కూర్చుని, ఇరుగుపొరుగు ఎదుట ఫలానా వారి పక్షమని నిలబడడం. దుకాణంలో షిఫ్టు ఉన్నవారికీ, చంటిపిల్లల తల్లులకూ, నడవలేని పెద్దలకూ, అందరి ముందూ ఇంగ్లీషులో వాదించడానికి జంకేవారికీ అది అందే పని కాదు. ఆరోజు మా ఆయన వెళ్లారు, నేను జ్వరంతో ఉన్న పిల్లాడితో ఇంట్లో ఉండిపోయాను. పది రోజుల తర్వాత వంటగది బల్ల మీద పోస్టు బ్యాలెట్ నింపి కవరు అంటించాను. అంటే మా ఇంట్లోంచి లెక్కలోకి వెళ్లింది ఒక్క గొంతే. ఓటరు ఎవరిని ఎంచుకున్నారని అడిగే ముందు, ఓటరుగా అక్కడికి ఎవరు రాగలిగారని అడగాలి.

ప్లేనో వాసి

సీత గారి మాటకు నా అనుభవం తోడు చేస్తాను. 2008 మార్చి 4న మా టెక్సాస్‌లో డెమొక్రాట్లు ఒకే రోజు రెండు అంచెల ఎన్నిక పెట్టారు. పగలంతా ప్రైమరీ ఓటు, రాత్రి పోలింగ్ ముగిశాక అదే కేంద్రంలో కాకస్. పగలు ఓటు వేసినవారు మాత్రమే రాత్రికి తిరిగి రావాలి, రుజువుగా ఓటరు కార్డు మీద పార్టీ పేరుతో ముద్ర ఉండాలి. నాకు పౌరసత్వం వచ్చి అప్పటికి ఎన్నాళ్లో కాలేదు, ఆ ముద్ర చూసుకుని మురిసిపోయాను కూడా.

మా పేటకు ఒక ప్రాథమిక పాఠశాల భోజనశాల ఇచ్చారు. పిల్లల ఎత్తుకు చేసిన బల్లలు, మోకాళ్లు గడ్డానికి తగిలేలా వాటి ముందు కూర్చున్న పెద్దలు. మునుపు పదిమంది కూడా రాని చోటికి వరండా దాటి వరుస వచ్చేసరికి సంతకాల కాగితాలు అయిపోయాయి. ఎవరో గీతల పుస్తకం చింపి గళ్లు గీసి ఇచ్చారు: పేరు, చిరునామా, అభ్యర్థి. నా ముందు ఆసుపత్రి దుస్తుల్లో ఉన్న ఒక నల్లజాతి నర్సు గోడ గడియారం వైపూ తలుపు వైపూ చూస్తూ నిలబడి, సంతకం చేసిన వెంటనే రాత్రి డ్యూటీకి పరుగెత్తారు. సంతకంతో ఆమె ఓటు లెక్కలోకి వచ్చింది గానీ, ఆ తర్వాత పై స్థాయికి వెళ్లే ప్రతినిధుల ఎంపిక పది దాటేదాకా సాగింది. అక్కడ మిగిలింది మర్నాడు ఆలస్యంగా ఆఫీసుకు వెళ్లినా అడిగేవారు లేని మాలాంటివాళ్లమే.

ఫలితం అందరికీ తెలుసు. ప్రైమరీ ఓట్లలో క్లింటన్ గెలిచారు, మొత్తం ప్రతినిధుల్లో ఒబామా 99, ఆమె 94. కాకస్ ఒక కారణం. రెండో కారణం, ప్రతినిధుల సంఖ్యను రాష్ట్ర సెనేటు నియోజకవర్గాలకు గత ఎన్నికల్లో డెమొక్రాట్లకు పడిన ఓట్లను బట్టి పంచారు. హ్యూస్టన్, డల్లాస్ నగరాల్లోని నల్లజాతి పేటలకూ ఆస్టిన్‌కూ ఎక్కువ వచ్చాయి, క్లింటన్‌కు పెద్ద ఆధిక్యం ఇచ్చిన దక్షిణ టెక్సాస్ లాటినో ప్రాంతాలకు తక్కువ వచ్చాయి.

తుమ్మచెట్టు

ప్లేనో వాసి గారు టెక్సాస్ ఎత్తారు కనుక ఒక పాత సంగతి చెప్పాలి. 1944 వరకూ ఆ రాష్ట్రపు డెమొక్రటిక్ ప్రైమరీలో నల్లజాతీయులకు ఓటే లేదు. పార్టీ ప్రైవేటు సంఘమనీ, తన సభ్యులు ఎవరో తానే నిర్ణయించుకుంటుందనీ వాదన. నవంబరులో డెమొక్రాట్ గెలుపు ఖాయం కనుక ప్రైమరీలో ఓటు లేదంటే అసలు ఓటే లేనట్టు. హ్యూస్టన్‌కు చెందిన దంతవైద్యుడు లానీ స్మిత్ వేసిన కేసులో థర్‌గుడ్ మార్షల్ వాదించి, సుప్రీంకోర్టులో ఆ పద్ధతిని కొట్టివేయించారు. ఆ నర్సు నిలబడిన వరుస వెనక ఈ కేసు ఉంది.

కొలంబియా కోడలు

నేను దక్షిణ కరోలినాలో ఉంటాను. ఇక్కడ డెమొక్రటిక్ ప్రైమరీ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతీయులే. వారి ఓటును ‘జాతి’ అనే గడిలో వేసి చేతులు దులుపుకోవడం పొరపాటని నా అభిప్రాయం.

2007 అక్టోబరులో నల్లజాతి డెమొక్రాట్లలో క్లింటనే ముందున్నారని జాతీయ సర్వేలు చెప్పాయి. పౌరహక్కుల ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్ అంతటివారు ఆ నెలలో ఆమెకే మద్దతు ప్రకటించారు. ఒబామా నల్లజాతీయుడని వాళ్లకు అప్పుడు తెలియదా? తెలుసు. శ్వేతజాతీయులు ఆయనకు ఓటేస్తారన్న నమ్మకం లేదు. 2008 జనవరి 3న అయోవాలో, జనాభాలో తొంభై శాతానికి పైగా శ్వేతజాతీయులున్న రాష్ట్రంలో, ఆయన 38 శాతంతో మొదటి స్థానంలో వచ్చారు. మూడు వారాలు తిరిగేసరికి మా రాష్ట్రంలో ఆయనకు 55 శాతం, నల్లజాతి ఓటర్లలో 78 శాతం. ఫిబ్రవరిలో లూయిస్ కూడా ఇటు వచ్చేశారు.

2020లో కథ తిరగబడింది. జో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూ హ్యాంప్‌షైర్‌లో ఐదో స్థానం. నల్లజాతికే చెందిన కమలా హారిస్, కోరీ బుకర్ అప్పటికే బరిలోంచి తప్పుకున్నారు. మా కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ పోలింగ్‌కు మూడు రోజుల ముందు బైడెన్ పేరు చెప్పారు. దాదాపు 49 శాతంతో బైడెన్ గెలిచారు. మా పక్కింటి పెద్దావిడ విశ్రాంత బడి టీచరు. ఆదివారం చర్చికి పెట్టుకున్న టోపీ తీయకుండానే మా వసారాలో కూర్చుని నాతో అన్నమాట ఇది: తనకు నచ్చినవారు వేరే ఉన్నారట, కానీ తను ఓటేసేది తనకు నచ్చినవారికి కాదట, అవతలి రాష్ట్రాల్లో తెల్లవాళ్లు భరించగలిగేవారికట. ఆమె నవ్వలేదు. మైకేల్ డాసన్ అనే రాజనీతిశాస్త్రవేత్త 1990ల్లోనే చెప్పిన ‘ముడిపడిన తలరాత’ ఇదే: నా జాతికి ఏమవుతుందో నాకూ అదే అవుతుంది కనుక, చదువూ జీతమూ ఎంత పెరిగినా ఆ కొలతే నా కొలత అనుకోవడం. శ్వేతజాతీయుల్లో డిగ్రీ దగ్గర చీలినట్టు నల్లజాతి ఓటు చీలకపోవడానికి అదొక కారణం. 2016లో శాండర్స్ దగ్గర అది చీలింది కూడా వయసు దగ్గరే గానీ ఆదాయం దగ్గర కాదు.

నిర్వాహకులు

ఈ మధ్యలో వచ్చిన ఐదు వ్యాఖ్యలను, మన జిల్లాల్లోని కులాల లెక్కలతో పోల్చినవాటిని, వేరే చర్చకు తరలించాము. పోలిక తప్పని కాదు, అక్కడ ఇద్దరు సభ్యులు అప్పుడే అమెరికాను మరిచిపోయి ఒకరి మండలాన్ని ఒకరు తిట్టుకుంటున్నారు. దయచేసి విషయం మీద ఉండండి.

మెతుకుసీమ

కొలంబియా కోడలు గారి వివరణకు ధన్యవాదాలు. యూనియన్ల సంగతి మిగిలిపోయింది కనుక నెవాడా చెబుతాను. లాస్ వేగాస్ హోటళ్లలో గదులు శుభ్రం చేసేవారు, వంటవారు, వడ్డించేవారు సభ్యులుగా ఉన్న పాకశాల కార్మికుల యూనియన్ 2008లో ఒబామాకు మద్దతిచ్చింది. పని వదిలి రాలేనివారి కోసం కాసినోల్లోనే తొమ్మిది ప్రత్యేక కాకస్ కేంద్రాలు పెట్టారు. సీత గారు చెప్పిన అడ్డంకిని ఇలా తొలగించిన సందర్భం అరుదు. అయినా ఆ తొమ్మిదింటిలో ఏడింట క్లింటన్ గెలిచారు. సభ్యుల్లో లాటినోలు ఎక్కువ, వారిలో ఆమె పేరు పాతది, నమ్మకమైనది. 2020లో అదే యూనియన్, అందరికీ ప్రభుత్వమే బీమా ఇవ్వాలనే శాండర్స్ పథకం వస్తే తాము పోరాడి సాధించుకున్న బీమా పోతుందని కరపత్రాలు పంచింది. సభ్యులు కాసినో కేంద్రాల్లో చాలాచోట్ల శాండర్స్ వైపే నిలబడ్డారు. వర్గ సంస్థ చెప్పిన మాట రెండుసార్లూ చెల్లలేదు, అయితే రెండోసారి చెల్లకపోవడానికి కారణం మాత్రం నా దృష్టిలో వర్గమే. బీమా ఉన్నవారి ఇళ్లలోనే బీమా లేని తమ్ముళ్లూ మేనల్లుళ్లూ ఉన్నారు.

గణాంకం

అది మీ ఊహ అని గుర్తు పెట్టుకుంటూనే ఒప్పుకుంటున్నాను. నా వైపు నుంచి మిషిగన్ ఒక్కటి చేరుస్తాను. 2016లో సర్వేలన్నిటినీ తలకిందులు చేస్తూ శాండర్స్ అక్కడ క్లింటన్‌ను ఒకటిన్నర శాతం తేడాతో ఓడించారు. కార్ల కర్మాగారాల కార్మికులు వాణిజ్య ఒప్పందాలకు వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పని అందరం రాశాం. నాలుగేళ్లకు అదే శాండర్స్ బైడెన్‌తో పోటీ పడి రాష్ట్రంలోని 83 కౌంటీల్లో ఒక్కటీ గెలవలేదు. కర్మాగారాలు అక్కడే ఉన్నాయి, ఒప్పందాల మీద శాండర్స్ మాటా మారలేదు. మారింది ఎదుటివారు. ఓటర్లలో కొందరు 2016లో శాండర్స్‌ను కోరుకోలేదు, క్లింటన్‌ను వద్దనుకున్నారు. ఇద్దరి పక్కనా ఒకే పార్టీ గుర్తు ఉండే ప్రైమరీలో ఓటరు ఏదో ఒక ఆనవాలు పట్టుకోక తప్పదు: రంగు, యాస, చదువు, ఆడామగా, అలవాటైన ముఖం. ఏ ఆనవాలు పనికొస్తుందో ఎదుట నిలబడ్డ ఇద్దరిని బట్టి మారుతుంది.

రాజమండ్రి మాస్టారు

నిన్న తరగతిలో ఆ నిలువుగీత చెరిపేసి, రాష్ట్రాల పేర్లకు బదులు పోటీల పేర్లు రాశాను: ఒబామాకూ క్లింటన్‌కూ మధ్య, క్లింటన్‌కూ శాండర్స్‌కూ మధ్య, శాండర్స్‌కూ బైడెన్‌కూ మధ్య. ప్రతిదాని పక్కనా కాకస్ జరిగిందా, ప్రైమరీ జరిగిందా, అంతకు ముందు వారం ఏ రాష్ట్రం ఓటేసింది అని రాయమన్నాను. పశ్చిమ వర్జీనియా మూడుసార్లు మూడు చోట్ల కనిపించేసరికి తరగతి నిశ్శబ్దమైంది.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. ఒరెగాన్ 1859లో రాష్ట్రంగా చేరినప్పుడే నల్లజాతీయులు అక్కడ స్థిరపడరాదని రాజ్యాంగంలో రాసుకుందనీ, 1926 దాకా ఆ మాట అందులోనే ఉందనీ ఎక్కడో చదివి వచ్చింది. నల్లజాతివారిని రానివ్వని చోట, వారితో ఉద్యోగాలకూ ఇళ్లకూ పోటీ పడే అవసరం లేని చోట, నల్లజాతి అభ్యర్థికి ఓటేయడం తేలికేమో, దాన్ని ఉదారత అనవచ్చా అని అడిగింది. పశ్చిమ వర్జీనియాలోనూ నల్లజాతీయులు కొద్దిమందే కదా అని నేను ఎదురు చెప్పాను. అది ఆమెకు చాలలేదు, నిజానికి నాకూ చాలలేదు. సీత గారూ, మీరు పొరుగు రాష్ట్రం వారు కనుక ఒక మాట: మీ రాష్ట్రంలో ఇప్పటికీ ఆ కాకస్ పద్ధతే ఉందా?

సియాటిల్ సీత

లేదండి. డెమొక్రాట్లు 2020లో కాకస్ వదిలేసి పోస్టు బ్యాలెట్ల ప్రైమరీకి మారారు. మార్చి 10న జరిగింది, బైడెన్‌కు 37.9 శాతం, శాండర్స్‌కు 36.6 శాతం. అంతకు నాలుగేళ్ల ముందు కాకస్‌లో 73 శాతం తెచ్చుకున్న మనిషి ఆయనే. అయితే దీన్నంతా పద్ధతి ఖాతాలోనే వేయకండి. బ్యాలెట్లు ముందే అచ్చయి మా ఇళ్లకు వచ్చేశాయి కనుక, బరిలోంచి తప్పుకున్నవారి పేర్లు కూడా వాటి మీద ఉన్నాయి. మా ఆయన ఆత్రంగా మొదటి రోజే నింపి పంపిన ఓటు అలా ప్రచారం ఆపేసిన అభ్యర్థికే వెళ్లింది. నేను చివరి రోజు దాకా ఆగాను.